కిటికీ పక్క గిన్నె

"చేతులు వెనక్కి పెట్టుకోండి," అన్నాడు హెడ్మాస్టరు హతకెయామా. "జేబుల్లో పెట్టుకుంటే బద్ధకంగా కనిపిస్తుంది. ముందుకు కట్టుకుంటే కోపంగా ఉన్నట్టుంటుంది. వెనక్కి పెట్టుకుంటేనే పిల్లల మీద నమ్మకం ఉన్నట్టు."

చిజురు నవ్వింది. "చేతులు ఇంట్లో వదిలేసి రానా సార్?"

"వీలైతే అదే మంచిది." ఆయన నవ్వలేదు. "వాళ్లు కైరో నుంచి మన లెక్కల పాఠాలు చూడటానికి రాలేదు టీచరు గారూ. లెక్కలు వాళ్లకీ వచ్చు. పిల్లలే వడ్డించుకోవడం, పిల్లలే గది తుడుచుకోవడం, పిల్లలే సభ పెట్టుకుని ఒక మాట మీదికి రావడం, ఇది చూడాలని వచ్చారు. అక్కడ వాళ్ల బళ్లలో మొదలుపెడతారట. మధ్యలో మీరు ఒక్క గరిటె అందించారనుకోండి, ఫోటోలో ఆ గరిటే పడుతుంది."

"వకాబ ట్రే మాత్రం నేనే పెడతాను."

హెడ్మాస్టరు కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. నవంబరు నెల. నీళ్లు సీసం రంగులో ఉన్నాయి.

"సరే. అది తప్ప," అన్నాడు.

వకాబకి కోడిగుడ్డు సరిపడదు. సరిపడకపోవడమంటే దద్దుర్లు లేచి పోవడం కాదు. నాలుగో తరగతిలో ఉండగా పక్క పిల్ల చాప్‌స్టిక్స్‌కి అంటిన మయొనైజ్ చుక్క వకాబ పళ్లెంలో పడింది. అది గుడ్డు సొనతో చేసేది. గొంతు పూడుకుపోయి, పెదాలు నల్లబడి, అంబులెన్సులో తీసుకుపోవలసి వచ్చింది. ఆ తర్వాత వాళ్లమ్మ హిసానొ బడికి వచ్చింది. ఆవిడ చేపల మార్కెట్లో పనిచేస్తుంది. రబ్బరు బూట్లు కూడా విప్పకుండా వచ్చి, స్టాఫు గది గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట చెప్పింది. "ఇంకొక్కసారి ఇట్లా అయిందంటే మధ్యాహ్నం దాన్ని ఇంటికి తీసుకుపోయి నేనే అన్నం పెట్టుకుంటాను."

వినడానికి చిన్న మాటే. ఆ బడిలో మాత్రం అది చిన్న మాట కాదు. అక్కడ మధ్యాహ్నం భోజనం కూడా ఒక పాఠమే. తెల్ల టోపీలు, తెల్ల ఏప్రన్లు వేసుకుని వంతుల వారీగా వడ్డిస్తారు. చివరి పిల్లకి గిన్నె అందేదాకా మొదటి పిల్ల ముట్టుకోదు. ఆ గంట క్లాసులో లేని పిల్ల తక్కిన గంటల్లో ఉన్నా సగమే ఉన్నట్టు. వకాబకి అది తెలుసు. చిజురుకీ తెలుసు. అందుకే అయిదో తరగతి తన చేతికి వచ్చిన రోజు నుంచీ వకాబ భోజనం పసుపు ట్రేలో, పేరు రాసిన మూతతో, వంటగది నుంచి విడిగా వచ్చేది. దాన్ని తోపుడు బండి మీది నుంచి తీసి వకాబ ముందు పెట్టేది చిజురే. ఇంకో చెయ్యి తగలదు. తెల్ల ట్రేల మధ్య ఆ పసుపు ట్రే నడవా చివరి నుంచి కూడా కనిపించేది.

ఆ రోజు వంటకం సార్డీన్ చేపల ఉండల సూపు. ఉండ విడిపోకుండా గుడ్డు సొన కలుపుతారు. వకాబకి మాత్రం పిండితో కట్టిన ఉండలు. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. వంటగదిలోని వాళ్లు కూడా మూత చూసే గుర్తుపట్టాలి. పిల్లలకన్నా ముందు హెడ్మాస్టరు తిని చూడటం ఆనవాయితీ కాబట్టి ఆయన పదకొండున్నరకే ఒక గిన్నె తిని, ముల్లు లేదు, ఉప్పు సరిపోయింది, అతిథులకి నచ్చుతుంది అని సంతోషపడ్డాడు.

చిజురుకి తెలియనిది ఒకటుంది. ముందు రోజు సాయంత్రం క్లాసు సభ జరిగింది. 'అతిథుల్ని ఎలా ఆహ్వానిద్దాం' అనేది విషయం. సభ నడిపేది పిల్లలే అయినా టీచరు ఒక మూల కూర్చుని వినాలి. కుర్చీలు ఎక్కడ వెయ్యాలో మాట్లాడదామని హెడ్మాస్టరు పిలిస్తే వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బోర్డు తుడిచేశారు.

"అయిపోయింది టీచర్! ఏకగ్రీవం!" అన్నాడు షున్‌పెయ్. ఆ వారం వడ్డన బృందానికి వాడే నాయకుడు.

"ఏం అనుకున్నారు?"

"రేపు చూస్తారుగా."

క్లాసంతా కిసుక్కున నవ్వింది. వకాబ కూడా నవ్వింది. అందరికన్నా ఎక్కువగా నవ్వింది. చిజురుకి ఆ రోజు గర్వంగానే అనిపించింది. తను లేకపోయినా ఒక మాట మీదికి రాగల క్లాసు తనది.

కైరో నుంచి ఆరుగురు వచ్చారు. పన్నెండు దాటాక వాళ్లు వెనక గోడ వారగా నిలబడ్డారు. వాళ్లలో పెద్దావిడ పేరు నెర్మీన్. అక్కడ ఒక బడికి ఆవిడే పెద్ద దిక్కు. తలకి నీలం గుడ్డ చుట్టుకుని, ఫోను పైకెత్తి, ఏదీ వదలకుండా వీడియో తీస్తోంది. పక్కనే దుబాసీ కుర్రది గుసగుసగా చెబుతోంది. వడ్డన అయ్యాక ఒక్కో అతిథి ఒక్కో పిల్లల గుంపుతో కూర్చుని తినాలని ఏర్పాటు. నెర్మీన్‌కి వకాబ వాళ్ల బల్ల దగ్గర చోటు వేశారు.

బండి చక్రాలు కిర్రుమంటూ లోపలికి వచ్చాయి. చిజురు వెనక్కి కట్టుకున్న చేతుల్లోంచి ఒకటి అప్పుడే విడదీసింది.

పసుపు ట్రే లేదు.

పై అరలో లేదు. కింది అరలోనూ లేదు. అన్నం పాత్ర, సూపు డేగిసా, పాల సీసాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన తెల్ల ట్రేలు. అంతే. ఒక అడుగు ముందుకు వేసింది. హెడ్మాస్టరు మెల్లగా దగ్గాడు. దుబాసీ అప్పుడే నెర్మీన్‌తో ఏదో చెప్పింది, నెర్మీన్ ఫోను చిజురు వైపు తిప్పింది. జోక్యం చేసుకోని టీచరు.

చిజురు ఆ అడుగుని కిటికీ తలుపు సర్దడానికి వేసినట్టుగా మార్చి, షున్‌పెయ్ పక్కకి చేరింది.

"షున్‌పెయ్. పసుపు ట్రే ఏది?"

వాడి ముఖానికి మాస్కు ఉంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. "ఉంది టీచర్."

"ఎక్కడ?"

"దాని గిన్నె దాని దగ్గరే ఉంటుంది. చూసుకున్నాం. మీరు చేతులు వెనక్కి పెట్టుకోండి, వాళ్లు చూస్తున్నారు."

"ఎవరు చెప్పారు నీకు..."

"వకాబే అడిగింది," అని వాడు గరిటె పట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు చూసింది చిజురు. కిటికీ పక్క బల్ల మీద అందరికీ ఉన్నట్టే తెల్ల ట్రేలు. తెల్ల గిన్నెలు. మూతలు లేవు. వకాబ తన గుంపుకి కుర్చీలు సర్దుతోంది. టీచరు చూపు తగలగానే తలెత్తింది. ఏడాదిగా ఆ పిల్ల ముఖంలో చూడని నవ్వు. దొంగ నవ్వు కాదు, గెలిచిన నవ్వు.

చిజురుకి అంతా అర్థమైంది. పసుపు ట్రేలోంచి తెల్ల ట్రేలోకి మార్చడం నడవాలోనే, బండి లోపలికి రాకముందే జరిగింది. అతిథులు వచ్చిన ఒక్క రోజు వకాబ వేరుగా కనిపించకూడదని క్లాసంతా ఒక్క మాట అనుకుంది. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో ముందే లెక్క వేసుకుని ఉంటారు. వీళ్లు అలాంటి పిల్లలే. వర్షం వచ్చే రోజు చిన్న తరగతుల గొడుగులు కూడా ఆరబెట్టి పెట్టే పిల్లలు.

ఆపెయ్యాలి. ఇప్పుడే. తెలుసు. కానీ ఆ నవ్వు ఉంది. ఆ గిన్నె సరైన గిన్నే అయితే తను ఇప్పుడు అరిచి, ఆరుగురు పరాయి దేశం వాళ్ల ముందు, వకాబ ఒక్కదాన్నీ నిలబెట్టి, నీది ఇది కాదు అది అంటుందా? ఆ పిల్ల అడిగింది ఒక్క రోజే కదా. చూసుకున్నాం అన్నాడు వాడు. చూసుకునే ఉంటారు.

చేతులు మళ్లీ వెనక్కి వెళ్లాయి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

వడ్డన పూర్తయింది. పిల్లలు కూర్చున్నారు. అతిథుల్ని కూర్చోబెట్టడానికి ప్రతి బల్ల దగ్గరా ఒక పిల్ల లేచి వంగి దణ్ణం పెట్టింది. కిటికీ పక్క బల్ల దగ్గర లేచింది వకాబ. తను ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క కుర్చీని నెర్మీన్‌కి చూపించింది. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. అతిథికి ఎప్పుడూ మంచి చోటే ఇవ్వాలి, అది ఎవరూ వాళ్లకి ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. నెర్మీన్ వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. వకాబ ఇంకోసారి వంగింది. నెర్మీన్ కూర్చుంది. వకాబ ఆవిడ కోసం వేసిన పక్క కుర్చీలోకి జరిగింది.

చిజురు అది చూసింది. చూసింది గానీ ఆ క్షణంలో దానికీ గిన్నెకీ ముడి పెట్టుకోలేదు.

ముడి పెట్టుకున్నది కొతొనె. అదే బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న పిల్ల. క్లాసులో నోరు తెరిచి మాట్లాడని పిల్ల. హాజరు పిలిస్తే కూడా పెదాలతోనే పలుకుతుంది. చేతులు జోడించమని షున్‌పెయ్ ముందు నిలబడి చెప్పాడు. అందరూ జోడించారు. కొతొనె కూడా జోడించింది. తల మాత్రం వంచలేదు. ఆ పిల్ల కళ్లు నెర్మీన్ గిన్నె మీదికి, అక్కడి నుంచి వకాబ గిన్నె మీదికి, మళ్లీ నెర్మీన్ గిన్నె మీదికి పోతున్నాయి. పెదాలు విడివడ్డాయి. మూసుకున్నాయి. చుట్టూ చూసింది. హెడ్మాస్టరు, ఫోన్లు, వంగిన తలలు. మళ్లీ గిన్నె వైపు చూసింది.

"ఇతదకిమాస్!" అని, తినే ముందు అనవలసిన మాటని క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

ఆ ఒక్క మాట పలకడానికి పట్టినంత సేపట్లో చిజురుకి కుర్చీ జరగడం, గిన్నె జరగకపోవడం, కొతొనె చూపు, మూడూ కలిశాయి.

"ఆగండి!"

అది చిజురు గొంతులా లేదు. పక్క గదిలో కుర్చీలు గరగరలాడాయి. ముప్పై మంది పిల్లలు చాప్‌స్టిక్స్ గాల్లో పెట్టి కొయ్యబారిపోయారు. వకాబ ఒక్కతే రెండు చేతులతో గిన్నె పెదాల దగ్గర పట్టుకుని ఉంది. నెమ్మదిగా దించింది. పై పెదవి మీద సూపు తడి.

"తాగావా?"

వకాబ టీచర్ని, తర్వాత తన గిన్నెని, తర్వాత పక్కన కిటికీ వైపున్న గిన్నెని చూసింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఒక్క గుక్క," అంది.

చిజురు బీరువా తలుపు తీసిన చప్పుడు తనకే వినిపించలేదు. వకాబ కోసమే ఉంచిన, పెన్నులా ఉండే ఇంజెక్షన్, ఎరుపు సంచీలో, ఎప్పుడూ రెండో అరలోనే. ఏడాదిలో ఎన్నిసార్లో బొమ్మ ఇంజెక్షనుతో తన తొడ మీదే అభ్యాసం చేసింది. "షున్‌పెయ్, నర్సమ్మ గదికి పరుగెత్తు. సార్, అంబులెన్సు!" హెడ్మాస్టరు అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. అడ్రసు చెబుతున్నాడు.

"టీచర్, ఏం కాలేదు," అంది వకాబ. "నిజంగా. ఏం కాలే..." చివరి మాట దగ్గుగా మారింది. పొడి దగ్గు. కుక్క మొరిగినట్టు. మెడ మీద ఎర్రటి మచ్చలు నీళ్లలో రంగు కలిసినట్టు పైకి పాకుతున్నాయి.

పడుకోబెట్టింది. కాళ్లు ఎత్తుగా ఉండాలి, ఏమైనా ఇవ్వండి, సంచి, కుర్చీ, ఏదైనా, అంటూ చిజురు చెయ్యి వెనక్కి చాస్తే ఎవరూ ఏదీ ఇవ్వలేదు. నెర్మీన్ నేల మీద చతికిలబడి, ఆ పిల్ల రెండు కాళ్లూ తన ఒళ్లోకి లాక్కుంది. ఫోను ఎక్కడో బల్ల కింద పడి ఇంకా పైకప్పుని వీడియో తీస్తూనే ఉంది.

చిజురు మూత లాగేసింది. తొడ పక్కన, గుడ్డ మీది నుంచే. రెండు చేతులతో పట్టుకుని అదిమింది. టక్కుమంది. పట్టుకునే ఉండాలి. పట్టుకుంది. వకాబ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. అరవలేదు. అంత బాధలోనూ అరవలేదు.

"అరిచెయ్," అంది చిజురు ఆ పిల్ల చెవిలో. "అరిచెయ్ తల్లీ, ఎవరూ ఏమనుకోరు."

సూపు మీద ఆవిరి లేస్తోంది. దగ్గు, ఈల లాంటి ఊపిరి, మళ్లీ దగ్గు. చిజురు ఆ ఈల వింటూ కూర్చుంది. అది ఎక్కువవుతోందా తగ్గుతోందా తెలియడం లేదు. నర్సమ్మ వచ్చి నాడి పట్టుకుంది. సైరన్ వినిపించేసరికి ఈల కొంచెం సన్నబడింది. పెదాలకి రంగు తిరిగి వచ్చింది.

ఆసుపత్రి నడవాలో హిసానొ ఈసారి కూడా రబ్బరు బూట్లతోనే వచ్చింది. లోపలికి వెళ్లి, కూతురు నిద్రపోతుంటే చూసి, బయటికి వచ్చింది. ఆ రాత్రికి ఉంచుతామని, ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాడు. చిజురు క్షమించమన్నట్టు నడుము విరిగేటట్టు వంగి అలాగే ఉండిపోయింది.

"లేవండి టీచర్ గారూ. మీ వీపుతో నాకేం పని. జరిగింది చెప్పండి."

చిజురు చెప్పింది. సభలో తను లేనని, పసుపు ట్రే కనిపించనప్పుడు అర్థమై కూడా ఊరుకున్నానని, అన్నీ.

"ఎవరు అరిచారు?"

"నేనే."

"తాగక ముందా, తాగాకా?"

"తాగాక."

"క్లాసులో ఎవరికీ తెలియలేదా, అది దాని గిన్నె కాదని?"

"ఒక అమ్మాయికి తెలిసింది."

"తెలిసి?"

"చూసింది."

"చూసింది," అంది హిసానొ. అరచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది, తడి లేకపోయినా. "మీ బడిలో అందరూ బాగా చూస్తారండీ. మీరూ చూశారు. మా మార్కెట్లో ఐసు పెట్టె జారితే, కింద ఉన్నవాడు ఎవడైనా సరే, మేస్త్రీ అయినా మంత్రి అయినా, 'ఒరేయ్ తప్పుకో' అంటాం. తర్వాత క్షమాపణ అడుగుతాం. మీరేమో ముందు మర్యాద, తర్వాత మనిషి."

హిసానొ కూతురి గది తలుపు వైపు చూసింది.

"వకాబే అడిగిందా, తెల్ల ట్రే కావాలని?"

"అవునండీ."

తల్లి కళ్లు అప్పుడు తడిశాయి. ముఖం తిప్పుకుంది. "గురువారం పంపిస్తాను. పన్నెండింటికి గేటు దగ్గర నుంచుంటాను. అన్నం ఇంట్లోనే. ఆ క్లాసులో ఒక్క పిల్లయినా మీకన్నా ముందు నోరు తెరిచిన రోజు, అప్పుడు ఆలోచిస్తాను."

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు చిజురుని మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. "అతిథుల్ని ఇవాళ ఆరో తరగతి సంగీతానికి తీసుకెళదాం. మీ క్లాసు సభ వాళ్లు చూడకపోతేనే మంచిది."

"నిన్నటిది వీడియోలో పడింది సార్."

"ఆవిడ తీసేస్తానంది. నేను అడగలేదు, ఆవిడే అంది." ఆయన గొంతు తగ్గించాడు. "మనం వాళ్లకి ఒక మంచి పద్ధతి ఇద్దామనుకున్నాం టీచరు గారూ. తప్పు కాదు కదా అది."

"పద్ధతి తప్పని నేను అనలేదు. సగమే ఇస్తున్నాం, అంతే."

ఆయన ఇంకేదో అనబోయాడు. క్లాసు తలుపు తీసి చూస్తే నెర్మీన్ అప్పటికే వెనక బెంచీలో, పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు కూర్చుని ఉంది. దుబాసీ పక్కన నిలబడి నిస్సహాయంగా చేతులు చాచింది. హెడ్మాస్టరు కూడా లోపలికి వచ్చి గోడకి ఆనుకున్నాడు.

చిజురు హిసానొ మాటలు ఉన్నవి ఉన్నట్టు పిల్లలకి చెప్పింది. ఒక్కటీ మెత్తబరచలేదు. షున్‌పెయ్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "కిటికీ పక్క సీటు అని అనుకున్నాం టీచర్. కిటికీ పక్కే పెట్టాను. అది లేచి జరుగుతుందని..." మిగతాది ముక్కులో పోయింది.

"జరగకుండా ఉండదురా," అంది వెనక నుంచి ఒక పిల్ల. "అతిథి కదా."

"కొతొనె," అంది చిజురు. "నీకు తెలిసిందా?"

కొతొనె నిలబడింది. తల వంచుకుని, వినడానికి అందరూ చెవులు రిక్కించేటంత మెల్లగా చెప్పింది. "తెలిసింది. కానీ అందరూ చేతులు జోడించేశారు. ఏకగ్రీవం అన్నారు. నేనే పొరబడ్డానేమో అనుకున్నాను." ఆగింది. "పొరబాటైతే అందరూ నా వైపు చూస్తారు కదా."

ఆ మాట ఆ గదిలో అందరికీ తెలిసిన మాటే. ఎవరూ పైకి అనలేదు, అంతే.

షున్‌పెయ్ ముక్కు తుడుచుకుని చెయ్యెత్తాడు. "నాకో ఆలోచన వచ్చింది. వడ్డన డ్యూటీ లాగే కేకల డ్యూటీ పెడదాం. వారానికి ఒకరు. ఏదైనా తేడా కనిపిస్తే వాళ్లు అరవాలి. చేతికి పట్టీ కూడా కడదాం."

"బావుంది," అన్నారు ఇద్దరు ముగ్గురు. "వంతులు రాద్దాం." చేతులు లేస్తున్నాయి. ఏకగ్రీవం వచ్చేస్తోంది.

"వద్దు," అంది చిజురు.

క్లాసు తెల్లబోయింది. సభ మధ్యలో టీచరు మాట్లాడటం వాళ్లెప్పుడూ చూడలేదు. హెడ్మాస్టరు గోడకి ఆనుకున్నవాడు నిటారుగా అయ్యాడు.

"కేకకి కూడా డ్యూటీ వేస్తారా? ఈ వారం నా వంతు కాదు కదా అని తక్కినవాళ్లు చూస్తూ కూర్చుంటారు. వద్దు. ఇది ఎవరి డ్యూటీ కాదు."

నెర్మీన్‌కి దుబాసీ ఇదంతా చెబుతోంది. కేకల డ్యూటీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, చిజురు వైపు చూసి, మాట్లాడవచ్చా అని సైగ చేసింది. దుబాసీ ఆవిడ మాటల్ని ముక్కలు ముక్కలుగా తెచ్చింది.

"వచ్చినప్పటి నుంచీ మిమ్మల్ని చూసి అసూయపడుతున్నాను. ఇంత నెమ్మదైన పిల్లల్ని నేను చూడలేదు. మా క్లాసులో అయితే నిన్న ఆ గిన్నె బల్లకి తగలకముందే అందరూ లేచి నిలబడేవాళ్లు. మిస్, అది తనది కాదు! మిస్, వాడు చూడలేదు! మిస్, వీడు తోశాడు! రోజంతా ఇదే గోల. దాన్ని ఎలా మాన్పించాలో తెలుసుకుందామనే ఇంత దూరం వచ్చాను."

"పూర్తిగా మాన్పించకండి," అంది చిజురు. "కొంచెం మాకూ పంపండి."

నెర్మీన్ పెద్దగా నవ్వింది. షున్‌పెయ్ ఎర్రటి కళ్లతో అడిగాడు, "అంటే ఎలా అరుస్తారు?"

ఆవిడ ముందుకు వచ్చి, తలగుడ్డ సర్దుకుని, ఊపిరి పీల్చి, కైరోలో పిల్లలు అరిచినట్టు అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క క్లాసు టీచరు చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. హెడ్మాస్టరు ఆయనకి ఏం చెప్పాలో తెలియక, "పాఠం జరుగుతోంది," అన్నాడు.

పిల్లలు ఒక్కొక్కరు ప్రయత్నించారు. కొందరిది పిల్లి కూత, కొందరిది పాటలా ఉంది. కొతొనె వంతు వచ్చేసరికి నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. కూర్చుండిపోయింది. ఎవరూ నవ్వలేదు. చిజురు బలవంతం చెయ్యలేదు.

గురువారం వకాబ వచ్చింది. పొద్దుటి నుంచీ వకాబ మామూలుగా ఉండటానికి, తక్కినవాళ్లు మామూలుగా ఉండటానికి ఎంత కష్టపడ్డారో చిజురు చూసింది. పన్నెండు కొట్టింది. వకాబ సంచి సర్దుకుంది. బండి చక్రాలు కిర్రుమంటూ లోపలికి వస్తుంటే, ఆ పిల్ల బండికి దారి ఇచ్చి, గోడ వారగా జరిగి, బయటికి వెళ్లిపోయింది.

తెల్ల ఏప్రన్లు వేసుకున్నవాళ్లు గరిటెలు పట్టుకుని ఆగిపోయారు. మైదానంలో వకాబ నడుస్తూ కనిపిస్తోంది. గేటు దగ్గర తల్లి. క్లాసులో ఎవరూ కూర్చోలేదు.

కొతొనె గోడ మీద అంటించిన నెల వంటకాల పట్టిక దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టి శుక్రవారం గడి వెతికింది. తర్వాత కిటికీ దగ్గరికి నడిచి, గొళ్లెం తీసి, తలుపు పూర్తిగా తోసింది. చలిగాలి లోపలికి కొట్టింది.

"వకాబా!"

వకాబ ఆగింది. అరవడం మొదటిసారి కాబట్టి కొతొనె గొంతు పగిలిపోయింది. కొతొనె రెండు చేతులూ కిటికీ చట్రానికి ఆనించి, కాలివేళ్ల మీద లేచింది.

"రేపటి పకోడీల్లో గుడ్డుంది! పిండిలో ఉంది! ఎవరు ఇచ్చినా తీసుకోకు! నేను చూస్తా... కాదు, నేను చెబుతా!"

మైదానం మీద మాట ఈ కొస నుంచి ఆ కొసకి పోయింది. కింది అంతస్తు కిటికీల్లోంచి చిన్న తరగతుల తలలు బయటికి వచ్చాయి. కొతొనె ముఖం కందగడ్డలా అయిపోయింది. అయినా కిటికీ వదల్లేదు.

"నాకు తెలుసులే!" అని వకాబ కింది నుంచి అరిచింది. గుండె దడతోనో నవ్వుతోనో మాట ఊగింది. "అయినా చెప్పు!"

చిజురు కిటికీ దగ్గరికి వెళ్లలేదు. ఉన్న చోటు నుంచే చూసింది. గేటు దగ్గర హిసానొ కూతురి సంచి అందుకోబోతూ ఆగి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ కేక ఏ కిటికీలోంచి వచ్చిందా అని పైకి వెతుకుతోంది.